బొంతకి ఏ నంబరు సూది?

సీమంతం అయిందో లేదో అమ్మమ్మ బీరువా తెరుస్తుంది. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడ్డ నేతచీరలు ఏరి పక్కన పెడుతుంది. కొత్తవి పనికిరావు. పుట్టబోయే బిడ్డ ఒంటికి గుచ్చుకోకూడదంటే ఏళ్లతరబడి కట్టి వదిలేసిన చీరే కావాలి. దాన్ని నాలుగు మడతలు వేసి, మధ్యలో తాతయ్య పాత పంచె ఒకటి పరిచి, చుట్టూ అంచులు కలిపి, లోపలంతా వరసగా కుట్లు వేస్తే బొంత సిద్ధం.

ఒకప్పుడు ఈ పనంతా చేత్తోనే. మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో బట్ట పరిచి తలా ఓ మూల కూర్చుంటే కబుర్లూ కుట్లూ పోటీపడి సాగేవి. ఇప్పుడంత తీరిక ఎవరికి? చీరలు తెచ్చి నేరుగా కుట్టుమిషన్ మీద పడేస్తున్నాం. చిక్కు అక్కడే వస్తోంది. నిన్నటిదాకా జాకెట్లు కుట్టిన సూదితోనే ఇవాళ ఆరు పొరల బొంత మొదలుపెడతాం. నాలుగు కుట్లు పడితే రెండు దాటిపోతాయి. దారం తెగుతుంది. ఇంకాస్త గట్టిగా తొక్కితే టక్కున సూది విరుగుతుంది. 'మిషన్ పాడైపోయింది' అని మెకానిక్‌కి కబురు పెడతాం. ఆయనొచ్చి చేసే మొదటి పని ఏంటో తెలుసా? సూది మార్చి చూడటం!

మిషన్‌కి నూనె వేస్తాం. బెల్టు సాగితే కొత్తది వేయిస్తాం. కవర్ కుట్టి మరీ దుమ్ము పడకుండా కాపాడుకుంటాం. అన్నిటికంటే చవకైన సూదిని మాత్రం విరిగేదాకా వదలం. జాకెట్టుకైతే అలా సరిపెట్టుకోవచ్చేమో. బొంతకు కుదరదు. ఎందుకంటే అందులో పడేది ఏ అమ్మమ్మో కట్టుకున్న చీర. పాడైతే షాపుకెళ్లి మరొకటి తెచ్చుకునేది కాదు. పైగా దానిమీద పడుకునేది పసిబిడ్డ.

వేలికి తెలుస్తుంది... మిషన్‌కి తెలీదు

చేత్తో కుట్టేటప్పుడు బట్ట దళసరిగా తగిలితే వేలు దానంతటదే ఆగుతుంది. సూదిని నూలుపోగంత పక్కకి జరిపి గుచ్చుతుంది. బెంగాల్ కాంథా, మహారాష్ట్ర గోధడి, ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ మహిళలు కుట్టే కవంది, మన బొంత... పాత బట్టల్ని పొరలుగా వేసి కుట్టే ఈ పనులన్నీ ఆ వేలి తెలివితోనే నడిచాయి. మిషన్‌కి ఆ తెలివి లేదు. కింద నేతచీర ఉందో, జరీ ఉందో, జీన్స్ మడత ఉందో దానికి అనవసరం. ఒకే చోట, ఒకే బలంతో దిగుతుంది. కాబట్టి తెలివేదో సూదిని ఎంచుకునేటప్పుడే మనం చూపించాలి.

ఇంతకీ మిషన్ సూది ఎలా పనిచేస్తుందో ఎప్పుడైనా గమనించారా? చేతిసూదికి బెజ్జం వెనక ఉంటుంది. మిషన్ సూదికి మొన దగ్గరే ఉంటుంది. చూడటానికి చిన్న తేడానే. కుట్టుమిషన్ పుట్టుకంతా ఆ తేడాలోనే ఉంది. అమెరికాలో వాల్టర్ హంట్ 1830ల్లోనే ఇలాంటి సూదితో మిషన్ తయారుచేశాడు కానీ పేటెంట్ తీసుకోలేదు. 1846లో ఎలియాస్ హోవే తీసుకున్నాడు. తర్వాత 1851లో ఐజాక్ సింగర్ తన మిషన్‌కి పేటెంట్ తెచ్చుకుంటే, సూది విషయంలో హోవే ఆయన్ని కోర్టుకీడ్చి మరీ గెలిచాడు. సూది కోసం అంత గొడవ!

మిషన్ సూదిని వెలుతురులో తిప్పి చూడండి. ఒకవైపు పైనుంచి బెజ్జం దాకా పొడవాటి గాడి కనిపిస్తుంది. దిగేటప్పుడు దారం అందులో ఒదిగిపోతుంది. రెండోవైపు బెజ్జానికి కాస్త పైన చిన్న నొక్కు ఉంటుంది. సూది పూర్తిగా కిందికి దిగి, తిరిగి కొద్దిగా పైకి లేవగానే ఆ నొక్కు దగ్గర దారం చిన్న ఉచ్చులా విప్పారుతుంది. సరిగ్గా అదే క్షణంలో కింద తిరుగుతున్న షటిల్ కొక్కెం వచ్చి దాన్ని అందుకుంటుంది. బాబిన్ దారం చుట్టూ తిప్పి వదిలేస్తుంది. అదే కుట్టు. ఆ ఉచ్చుకీ కొక్కేనికీ మధ్య ఉండే ఎడం వెంట్రుకవాసి.

ఇక బొంత సంగతికొద్దాం. ఆరు పొరల్లో సన్నసూది దిగితే ఏమవుతుంది? బట్ట ఒత్తిడికి రవ్వంత వంగుతుంది. కొక్కెం వచ్చేసరికి ఉచ్చు అక్కడ ఉండదు. కుట్టు దాటిపోతుంది. ఇంకాస్త ఎక్కువ వంగితే సూది వెళ్లి ప్లేటుకో కొక్కేనికో కొట్టుకుంటుంది. విరిగేది అప్పుడే. అలాగని మరీ లావు సూది వేసినా ముప్పే. మెత్తబడ్డ పాతచీరలో పోగుల్ని పక్కకి నెట్టి వెళ్లాల్సింది పోయి తెంచుకుంటూ వెళ్తుంది. కుట్టు వరసంతా తపాలా బిళ్లల షీటులా చిల్లులు పడుతుంది. రెండుసార్లు ఉతికేసరికి ఆ గీత వెంబడే చిరుగుతుంది.

ఈ అంకెలేంటి?

సూదుల ప్యాకెట్ మీద 90/14, 100/16 అని రెండేసి అంకెలు ఉంటాయి. ఇదేదో లెక్కల పరీక్షలా ఉంటుంది కానీ చాలా తేలిక. మొదటిది సూది మందం, మిల్లీమీటరులో నూరో వంతుల్లో. అంటే 90 అంటే 0.9 మిల్లీమీటరు. 100 అంటే నిండుగా ఒక మిల్లీమీటరు. రెండోది పాత పద్ధతి నంబరు. మన టైలర్లు 'పద్నాలుగు', 'పదహారు' అనేది దాన్నే. 75కి 11, 80కి 12, 90కి 14, 100కి 16, 110కి 18 జోడీ. నంబరు పెరిగితే సూది లావు.

తిరకాసు ఒకటుంది. చేతిసూదుల్లో లెక్క తలకిందులు. అక్కడ నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. దారాల్లోనూ అంతే, 60 నంబరు దారం 40 కంటే సన్నం. చేతికుట్టు బాగా తెలిసిన పెద్దవాళ్లు మిషన్ సూది దగ్గర తడబడేది ఇందుకే.

నంబరుతో పాటు మరో సంగతి చూడాలి. ఇళ్లలో వాడే మిషన్లలో చాలావాటికి సూది పైభాగం ఒకవైపు చదునుగా ఉంటుంది. ప్యాకెట్ మీద హెచ్‌ఏ×1 అనో, 15×1 అనో, 130/705 హెచ్ అనో రాసి ఉంటుంది. మూడూ ఒకే జాతి సూదులు. పేర్లే వేరు. గార్మెంట్ ఫ్యాక్టరీల్లోని పెద్ద మోటారు మిషన్లకు వాడే డీబీ×1 సూది పైభాగం గుండ్రంగా ఉంటుంది. కొలతలూ వేరు. నంబరు 14 అని ఉంది కదా అని అది తెచ్చి ఇంటి మిషన్‌లో దూర్చితే పని జరగదు సరికదా కొక్కెం దెబ్బతింటుంది. షాపుకి వెళ్లేటప్పుడు పాత సూదిని కాగితంలో చుట్టి తీసుకెళ్లడం అన్నిటికంటే తేలిక. టైలరింగ్ సామాన్ల షాపులో అది చూడగానే జాతి చెప్పేస్తారు. జపాన్ ఆర్గాన్, జర్మనీ ష్మెట్జ్, చండీగఢ్‌లోనూ ఫ్యాక్టరీ ఉన్న గ్రోజ్-బెకర్ట్ లాంటి పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. కంపెనీ ఏదైనా సరే, విడిగా పొట్లంలో పోసి అమ్మే సూదుల కంటే ప్యాకెట్‌లోవి తీసుకోవడం మేలు.

చీరను బట్టి సూది

మెత్తబడ్డ నూలుచీరలు నాలుగు పొరలైతే 14 నంబరు చాలు. వెంకటగిరి లాంటి సన్ననేత రెండు పొరలే వేసి పొత్తిళ్లలో వాడే చిన్న బొంత కుడితే 12కి దిగండి. పొరలు ఆరుకి చేరినా, మధ్యలో పాత దుప్పటి పరిచినా 16 వేయాలి. మన దగ్గర చాలామంది టైలర్లు బ్లౌజు నుంచి పరుపు గలీబు దాకా అన్నిటికీ 16తోనే లాగించేస్తారు. దళసరి బొంత వరకు వాళ్ల అలవాటు సరైనదే. రెండు పొరల సన్నచీర మీద మాత్రం అది గునపమే!

మంగళగిరి చీరలకు జరీ అంచు ఉంటుంది. ఎంత ముచ్చటగా ఉన్నా దాన్ని కత్తిరించి తీసేయడం మంచిది. జరీ బిడ్డ ఒంటికి గరుకు. సూదికీ శత్రువే. జరీ మీద నాలుగు బారలు కుట్టాక మొన మొద్దుబారిపోతుంది. అదే సూది మళ్లీ నూలుబట్ట మీదకి వస్తే పోగులు లాగేస్తుంది. పెద్దవాళ్లు కప్పుకునే బొంతే కదా, అంచు ఉంటే అందం అనుకుంటే జరీ భాగం చివర్లో కుట్టుకుని, ఆ సూదిని ఇక పక్కన పడేయండి.

గద్వాల చీరది మరో కథ. ఒళ్లంతా నూలు, అంచూ పైటకొంగూ పట్టు. ఒకే చీరలో రెండు రకాల బట్టలన్నమాట. పట్టుతో వచ్చే ఇబ్బంది ఏంటంటే, సూది చేసిన చిల్లు మళ్లీ పూడదు. నూలుచీరలో కుట్టు విప్పేసి, తడిపి, వేలితో రుద్దితే పోగులు దగ్గరకొచ్చి చిల్లు చాలావరకు మాయమవుతుంది. పట్టు మీద చుక్కలు చుక్కలుగా మిగిలిపోతుంది. అమ్మ పెళ్లిపట్టుచీరను బొంతగా దాచుకోవాలనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. కుట్టి విప్పి మళ్లీ కుట్టే అవకాశం అక్కడ లేదు. పట్టుకి మొన బాగా పదునుగా ఉండే 'మైక్రోటెక్స్' రకం సూది, 11 లేదా 12 నంబరు సరిపోతుంది. లోపల పొరలు కూడా పల్చగానే వేసుకోవాలి. కింద దళసరి దుప్పటి వేస్తే లావుసూది తప్పదు, పైన పట్టు చిల్లులు పడకా తప్పదు. జార్జెట్, షిఫాన్ లాంటి జారుడు చీరలకూ ఈ సన్నటి పదునుసూదే. మామూలు సూది వాటిమీద పోగుల్ని పట్టి లాగి ముడతలు తెస్తుంది.

పిల్లల పాత జీన్స్ ప్యాంట్లు ముక్కలు చేసి బొంత కుట్టడం ఇప్పుడు చాలా ఇళ్లలో చూస్తున్నాం. గట్టిగా, ఏళ్లతరబడి మన్నుతుంది. దీనికి 'జీన్స్' సూది అని విడిగా దొరుకుతుంది. కాడ బిరుసుగా ఉంటుంది కనుక వంగదు. 16 నంబరు తీసుకోండి. నాలుగు ముక్కల అతుకులు ఒకచోట కలిసేచోట మాత్రం తొక్కకూడదు. కాలు తీసేసి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టూ వేసుకోవాలి. సూదులు ఎక్కువగా విరిగేది ఆ కూడలిలోనే.

టీ షర్టుల బనియన్ బట్టతో కుడితే మొన గుండ్రంగా ఉండే 'బాల్ పాయింట్' సూది కావాలి. అల్లిక బట్ట కదా, పదునుసూది ఒక్క పోగు తెంచితే చాలు, నిచ్చెనలా కిందిదాకా విడిపోతుంది.

మరి 'క్విల్టింగ్' సూది అని ప్రత్యేకంగా అమ్ముతారే, అది కొనాలా? దాని మొన మామూలు సూది కంటే సన్నగా, కోలగా చెక్కినట్టు ఉంటుంది. చిన్నచిన్న ముక్కల అతుకులూ, వాటి కింద ఫైబర్ షీటూ, అడుగున మరో బట్టా... ఇన్ని పొరల్ని నలగకుండా దాటడానికి చేసిన సూది అది. ష్మెట్జ్ కంపెనీ సూదుల్లో దీనికి ఆకుపచ్చ గీత, జీన్స్ సూదికి నీలం గీత గుర్తు. 75/11, 90/14 సైజుల్లో దొరుకుతుంది. అతుకుల డిజైన్లతో, ఫైబర్ షీటు పెట్టి ఆర్డర్ల మీద కుట్టేవాళ్లకు అది కొనడం దండగేం కాదు. ఇంట్లో పాతచీరల బొంత కోసమైతే అంత అవసరం కనిపించదు. కొత్త 14 నంబరు మామూలు సూది ఆ పని చక్కగా చేస్తుంది. ఇక్కడ అసలు మాట 'కొత్త' అన్నదే.

ముందు ముక్క మీద...

ఎన్ని నంబర్లు చెప్పుకున్నా చివరి తీర్పు బట్టదే. అసలు బొంతలో ఎన్ని పొరలుంటాయో అన్ని పొరలతో జానెడు ముక్క కత్తిరించి, దానిమీద రెండు వరసలు కుట్టి చూడండి. కుట్టు దాటుతుంటే ఒక నంబరు పెంచండి. పైపొరలో చిల్లులు కళ్లకు కనిపిస్తుంటే ఒక నంబరు తగ్గించండి. ముక్కను రెండు చేతులతో అడ్డంగా లాగి చూస్తే చిరుగుడు సంగతీ తేలిపోతుంది. చీరకు గంజి ఉంటే ముందే ఉతికేయాలి. బిరుసు పోతే సూదికి సగం శ్రమ తగ్గుతుంది.

దారానికీ సూదికీ పొత్తు కుదిరిందో లేదో చూసే పాత చిట్కా ఒకటుంది. సూదిని మిషన్‌కి బిగించకముందే మూరెడు దారం ఎక్కించండి. దారాన్ని రెండు చేతులతో బిగుతుగా, ఏటవాలుగా పట్టుకోండి. సూది దానంతటదే జారుతూ కిందికి రావాలి. మధ్యలో ఆగిపోతే బెజ్జం చిన్నదైనట్టు. దారం అయినా మార్చాలి, సూది అయినా మార్చాలి. దారాన్ని అటూ ఇటూ లాగినప్పుడు నూగు లేస్తుంటే బెజ్జం లోపల గరుకుందన్నమాట. కొత్తదైనా సరే, ఆ సూదిని వాడొద్దు.

బిగించడంలోనూ పొరపాట్లు జరుగుతుంటాయి. చదునువైపు ఎటు ఉండాలన్నది మిషన్‌ని బట్టి మారుతుంది. అందుకే పాత సూది విప్పేముందు అదెటు తిరిగి ఉందో చూసుకోవాలి. పొడవాటి గాడి ఎటువైపు ఉంటే అటునుంచే దారం ఎక్కించాలి. సూదిని పైకంటా నెట్టి, అది ఆగిందని తెలిశాకే మర బిగించాలి. రవ్వంత కిందికి జారినా ఇందాక చెప్పుకున్న ఉచ్చూ కొక్కెం లెక్క తప్పుతుంది. అప్పుడు ఎంత మంచి సూదైనా కుట్లు దాటేస్తుంది.

ఒక సూది ఎన్నాళ్లు వాడొచ్చు? ఎనిమిది గంటల కుట్టుకి ఒకసారి మార్చమని సాధారణంగా చెబుతారు. రోజూ కాసేపు కుట్టేవాళ్లకు అది నాలుగైదు రోజుల మాట. బొంతకైతే లెక్క ఎందుకు, మొదలుపెట్టేటప్పుడే కొత్తది వేసేయొచ్చు. మధ్యలో 'టప్ టప్' మని బట్ట పగిలినట్టు చప్పుడు మొదలైతే మొన పోయిందని గుర్తు. వంగిందేమోనని అనుమానమా? సూదిని చదునువైపు అద్దం మీద ఆనించి పక్కనుంచి చూడండి. అద్దానికీ కాడకీ మధ్య సందు మొన దాకా ఒకేలా ఉండాలి. మొన కొరుకుడు పడిందో లేదో తెలియాలంటే పాత నైలాన్ సాక్సు మీద మెల్లగా గీయండి. పట్టుకుందంటే పనైపోయినట్టే.

బొంత బరువు కూడా సూదిని వంచుతుంది. టేబుల్ అంచు నుంచి వేలాడదీస్తే ఆ బరువంతా సూది మీదే పడుతుంది. పక్కన ఒక కుర్చీ వేసి దానిమీద సర్దుకోండి. ముందుకి కదలడం లేదని వెనకనుంచి లాగడం అందరూ చేసేదే. లాగితే సూది వంగి ప్లేటుకి తగులుతుంది. దానికి బదులు కుట్టు పొడవు పెంచండి, పాదం ఒత్తిడి కొద్దిగా తగ్గించండి. పొరలు కదలకుండా పెట్టే గుండుసూదుల మీదుగా కుట్టడం మరీ ప్రమాదం. పెద్ద పెద్ద టాకాలు వేసుకుని, పనయ్యాక లాగేస్తే సరి.

విరిగితే... ముక్కలన్నీ దొరకాలి

ఇంత చేసినా ఒక్కోసారి విరుగుతుంది. అప్పుడు చాలామంది చేసేది పైముక్క తీసి పారేసి, కొత్తది బిగించి, పని కొనసాగించడం. మరి మొన ఏమైంది? కిందికైనా రాలి ఉండాలి, పొరల మధ్య అయినా ఉండిపోయి ఉండాలి. జాకెట్టులో అయితే తొడుక్కోగానే తెలిసిపోతుంది. ఆరు పొరల బొంతలో మిల్లీమీటరు మందం ఇనుపముక్క నెలల తరబడి దాక్కోగలదు. ఉతికినప్పుడల్లా కొంచెం కొంచెం జరిగి, ఏదో ఒక రోజు బయటికి పొడుచుకొస్తుంది. పసిబిడ్డ ఏడుస్తుంటే ఆకలనుకుంటాం, కడుపునొప్పి అనుకుంటాం. బొంతలో సూదిమొన ఉందని ఎవరికి తడుతుంది?

బట్టలు ఎగుమతి చేసే ఫ్యాక్టరీల్లో దీనికి గట్టి నియమమే ఉంటుంది. సూది విరిగితే మిషన్ ఆపాలి. ముక్కలన్నీ ఏరి, కాగితం మీద టేపుతో అంటించి, రిజిస్టర్‌లో రాయించాలి. ముక్కలు కలిపితే పూర్తి సూది ఆకారం వస్తేనే కొత్త సూది చేతికిస్తారు. ఒక్క ముక్క దొరక్కపోయినా ఆ చుట్టుపక్కల ఉన్న బట్టనంతా పక్కన పెట్టి వెతుకుతారు. పిల్లల దుస్తులైతే ప్యాకింగ్‌కి ముందు మెటల్ డిటెక్టర్ గుండా పంపడమూ ఉంది.

మన ఇంట్లో రిజిస్టర్ అక్కర్లేదు. పద్ధతి మాత్రం అదే పాటించొచ్చు. సూది విరగగానే బట్టను లాగొద్దు. ముందు పాదం లేపి, దారాలు కత్తిరించి, బొంతను అలాగే మెల్లగా జరిపి కింద ఒక తెల్ల కాగితం పరవండి. దొరికిన ముక్కల్ని దానిమీద వరసగా పేర్చి, పక్కన కొత్త సూది పెట్టి పొడవు సరిచూడండి. తక్కువైతే బాబిన్ కేస్ తీసి, షటిల్ దగ్గర చూడాలి. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం ఇంట్లో ఉంటే మరీ తేలిక. బొంత మీదా కిందా, మిషన్ చుట్టూ, కూర్చున్న చోట నేలమీదా తిప్పితే ముక్క వచ్చి అతుక్కుంటుంది. అప్పటికీ దొరక్కపోతే విరిగిన చోట చుట్టూ జానెడు మేర కుట్లు విప్పి పొరపొరా చూడాల్సిందే. గంట పని పెరుగుతుంది. పెరగనివ్వండి. బొంతలు కుట్టి అమ్మే డ్వాక్రా మహిళలకైతే ఈ అలవాటు మరీ ముఖ్యం.

ముక్కలు ఎగిరి కంట్లో పడే ప్రమాదమూ ఉంది కనుక దళసరి బొంత కుట్టేటప్పుడు మామూలు కళ్లజోడైనా పెట్టుకోండి. పాత సూదుల్ని, విరిగిన ముక్కల్ని చెత్తబుట్టలో విడిగా పడేయొద్దు. మర్నాడు ఆ చెత్తలో చెయ్యి పెట్టేది మున్సిపాలిటీ కార్మికులు. ఖాళీ మాత్రల డబ్బా ఒకటి మిషన్ పక్కనే పెట్టుకుని అందులో వేస్తూ, నిండాక మూత చుట్టూ టేపు బిగించి, పైన 'సూదులు' అని రాసి పారేయండి. సగం వాడిన మంచి సూదుల్ని మాత్రం ఆ డబ్బాలో కలపకండి. స్పాంజి ముక్క మీద నంబర్లు రాసుకుని దేని గడిలో దాన్ని గుచ్చుకుంటే, మళ్లీ బొంత కుట్టే రోజు పద్నాలుగేదో పదహారేదో భూతద్దం పెట్టి వెతుక్కునే పనుండదు.